ఆదివారం మిషన్ల హాజరు

పోయిన ఆదివారం మా చెల్లె ఫోన్ ఎత్తలేదు.

ఎత్తకపోతే ఏం మునిగిపోయిందని మీరు అడగొచ్చు. సెలవు రోజు ఎవరి పనులు వాళ్లకుంటాయి. కానీ మా ఇంట్లో ఆదివారానికి ఒక పద్ధతి ఉంది. చర్చి నుంచి వచ్చి, పొయ్యి మీద కూర పడేసి, వాడకుండా పడి ఉన్న వస్తువులన్నీ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద వరసగా పెడతాను. బీపీ చూసుకునే మిషను, ఎమర్జెన్సీ లైటు, ఎవరూ ముట్టని పాత కెమెరా, చివరికి నెబ్యులైజరు. అదే, ఆయాసం వచ్చినవాళ్లకు మందును ఆవిరిలా చేసి ఊపిరిలోకి పంపే మిషను. ఒక్కోదాన్నీ కాసేపు నడిపించి, తుడిచి, మళ్లీ లోపల పెడతాను. మా ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఇది ఇల్లా, సర్వీసు సెంటరా అని మా ఆయన ప్రతి వారం అడుగుతాడు. నేను ప్రతి వారం వినిపించుకోను.

నెబ్యులైజరు నడుస్తుండగానే చెల్లెకు ఫోన్ చేస్తాను. ఆమె ఉండేది బాలానగర్ దగ్గర. ఫోన్‌ను మిషను పక్కన పెడతాను. చప్పుడు విని, "ఇనవడుతుంది అక్కా" అంటుంది. ఆ ఒక్క మాటతో నాకు వారం గడుస్తుంది.

పోయిన ఆదివారం ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మిషను టేబుల్ మీద గుర్రుమంటూనే ఉంది. మా గచ్చిబౌలి ఫ్లాటు కిటికీలోంచి చూస్తే, అద్దాల ఆఫీసుల సందులో ఖాజాగూడ రాళ్లు, అంటే పగలగొట్టగా మిగిలినవి, కొంచెం కనిపిస్తాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. నేను వట్టి పిరికిదాన్నని ఇంట్లో అందరికీ తెలుసు. ఎప్పుడు అలా అయ్యానో నాకూ చెల్లెకూ మాత్రమే తెలుసు.

ఆ రాళ్ల కిందే ఒకప్పుడు మా ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల వసారా. అప్పట్లో గచ్చిబౌలి అని టికెట్ అడిగితే కండక్టరు మమ్మల్ని ఎగాదిగా చూసేవాడు. చెరువు, రాళ్లు, రాళ్ల మధ్య సీతాఫలం చెట్లు, ఇంకా కొంచెం జొన్న. అంతే మా లోకం. సాయంత్రం పూట రాళ్ల నుంచి వేడి కక్కేది. వాటి మీద వీపు ఆనించి కూర్చుంటే ఎండిన గడ్డి వాసన, దూరంగా ఎవరింట్లోనో ఎండుమిరపకాయలు వేగే ఘాటు. పండని సీతాఫలాలు తెంపి బియ్యం డబ్బాలో దాచేవాళ్లం. మర్చిపోయేవాళ్లం. అవి మెత్తబడి బియ్యమంతా జిగురైతే నానమ్మ మా వెనక చీపురు పట్టుకుని తిరిగేది.

నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. తెల్లవారుతూనే పోయి, చీకటి పడ్డాక గ్రీజు వాసనతో వచ్చేవాడు. అమ్మ పట్నంలో ఒక దవాఖానలో నర్సు. ఆమె చీర కొంగుకు ఎప్పుడూ స్పిరిట్ వాసన. ఇంటి పెత్తనం నానమ్మది. నానమ్మ దగ్గర కలరా ఉండల వాసన వచ్చేది. బీరువాలో, ట్రంకు పెట్టెలో, దిండు గలేబుల మధ్య, ఆఖరికి ప్రార్థన పుస్తకం పెట్టుకునే సంచిలో కూడా ఆ తెల్ల ఉండలు ఉండాల్సిందే. బొద్దింక అంటే ఆమెకు సైతానుతో సమానం.

చెల్లెకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. చలి మొదలైతే చాలు, భుజాలు పైకి లేచేవి, గొంతు కింద గుంట పడేది, ఛాతీలో పిల్లికూతలు. రాత్రంతా ఆమె ఊపిరి వింటూ పడుకునేదాన్ని. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య కొంచెం ఆలస్యమైతే నా ఊపిరి కూడా ఆగేది.

దవాఖానలో పెద్ద డాక్టరమ్మ దయ తలచి, పక్కన పెట్టేసిన ఒక నెబ్యులైజరు అమ్మకు ఇప్పించింది. మా వాడలో అలాంటిది ఎవరూ చూసి ఉండరు. బరువుగా, బూడిద రంగులో, ఇనప పెట్టెలా ఉండేది. దాని నుంచి ఒక ప్లాస్టిక్ ట్యూబు, ట్యూబు చివర మందు పోసే చిన్న గిన్నె, దానికో మాస్కు. మేం దాన్ని గాలిమిషను అనేవాళ్లం. దాని చప్పుడు వినపడిందంటే చెల్లెకు ఊపిరి అందడం లేదని అర్థం. అందుకని ఆ చప్పుడంటే నాకు చచ్చేంత భయం.

ఆ భయం పోగొట్టడానికో, పెంచడానికో గానీ అమ్మ ఆదివారం హాజరు పెట్టింది. చర్చి నుంచి రాగానే ఇంట్లో అరుదుగా వాడే మిషన్లన్నీ మంచం మీదికి వచ్చేవి. ఎమర్జెన్సీ లైటు, చలికాలంలో పని లేని టేబుల్ ఫ్యాను, గాలిమిషను. అమ్మ బడి పంతులమ్మ గొంతుతో ఒక్కో పేరు పిలిచేది. మిషను తరఫున మేం "ప్రెజెంట్ మేడం" అనాలి. తర్వాత టేప్ రికార్డరులో ఒక కీర్తన పెట్టేది. ఆ పాట అయ్యేదాకా అన్నీ నడవాలి. గాలిమిషను గిన్నెలో మందు బదులు వట్టి ఉప్పునీళ్లు పోసేవాళ్లం. ట్యూబు ఊడదీసి, దాని కొసను చెంపకు ఆనించుకుని గాలి వస్తోందో లేదో చెప్పడం నా ఉద్యోగం. ఆ చల్లటి గాలి చెంపకు తగిలాక మళ్లీ తగిలించేదాన్ని. ఆవిరి లేచేది. నాన్న ప్లగ్గు పిన్నులకు గరుకు కాగితం రుద్దేవాడు. వేడెక్కిన దుమ్ము వాసన, పొయ్యి మీద కోడికూర వాసన కలిసిపోయేవి. ఇప్పటికీ నాకు ఆదివారం వాసన అంటే అదే.

చెల్లె టేబుల్ ఫ్యానుకు మూతి ఆనించి కీర్తన పాడేది. గొంతు వణుకుతూ వస్తుంటే పకపక నవ్వేది. కానీ పాట ఎప్పుడూ పూర్తి చేసేది కాదు. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక ఆగిపోయేది. ఒకసారి ఎవరూ చూడనప్పుడు టేప్ రికార్డరులో రికార్డు చేసే ఎర్ర మీట నొక్కింది. ఆ కీర్తన మధ్యలో, సరిగ్గా మూడో చరణంలో, చెల్లె నవ్వు, ఆ వెంటనే ఆమె దగ్గు ఎక్కిపోయాయి. నానమ్మ దేవుడి పాట పాడుచేశావని తిట్టింది. అమ్మ ఆ క్యాసెట్టు మార్చలేదు. ప్రతి ఆదివారం ఆ దగ్గు దగ్గర పడుతుంటే నేను చెవులు మూసుకునేదాన్ని.

ఈ హాజరు ఎందుకో అమ్మ ఒక్కసారే చెప్పింది, అదీ నానమ్మ గట్టిగా అడిగితే. తను పనిలో చేరిన కొత్తలో వార్డులో ఒక మిషను ఉండేదట. కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఎంతో భద్రంగా పెట్టేవాళ్లట. దాంతో ఎప్పుడోగానీ పని పడేది కాదు.

"పని వడ్డ రోజు స్విచ్చేసినం. మిషన్ ఉన్నది అత్తమ్మా, నడ్వలే," అంది అమ్మ.

ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు.

నానమ్మ లెక్క వేరు. వాడితే ఏదైనా అరుగుతుంది, దాస్తే మిగులుతుంది. ఆమె పట్టుచీర పెళ్లినాటి మడతలోనే ఉండేది. మంచి స్టీలు గిన్నెలు అటక దిగేవి కావు. దేవుడు మనిషికి ఇన్ని ఊపిరులని లెక్కపెట్టి ఇచ్చినట్టే మిషనుకూ ఇస్తాడని ఆమె నమ్మకం.

"పిల్ల కోసం దాచిన ఊపిరిని ప్రతి ఆదివారం ఉత్తగ గాలికి వదుల్తున్నరు," అని సణిగేది.

నాకు అది నిజమేమో అనిపించేది. గాలిమిషను నడుస్తున్నంతసేపూ చెల్లె ఊపిరులు అందులోంచి ఒక్కోటే తగ్గిపోతున్నట్టు అనుకునేదాన్ని. అమ్మ మాట వింటే నడపకపోతే భయం, నానమ్మ మాట వింటే నడిపితే భయం.

సీతాఫలాల కాలం అయిపోయి చలి మొదలైనప్పుడు అమ్మను శిక్షణకని వరంగల్ పంపారు. కొన్ని వారాలు అక్కడే ఉండాలి. పోతూ పోతూ హాజరు తప్పొద్దని అందరికీ చెప్పి పోయింది. మొదటి ఆదివారం నాన్న నడిపించాడు. తర్వాత ఫ్యాక్టరీలో పని ఎక్కువై ఆదివారాలు కూడా పోవాల్సి వచ్చింది. అప్పుడు నానమ్మకు చిక్కింది గాలిమిషను. ఎంతో ప్రేమగా దాన్ని తుడిచింది. ట్యూబును గుండ్రంగా చుట్టింది. బొద్దింకలు రాకుండా ఆ చుట్టల మధ్య కలరా ఉండలు పేర్చి, ప్లాస్టిక్ కవరులో మూటగట్టి, పైన పాత దుప్పటి చుట్టి, బీరువా మీదికి ఎక్కించింది. దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసింది.

హాజరు సంగతి అడిగితే, మీ అమ్మ వచ్చినంక చూద్దాంలే అంది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది. ఆ చప్పుడు వినపడకపోతే ఆ రోగమే ఇంట్లో లేనట్టు ఉండేది.

అప్పుడే రాళ్లు పేల్చడం మొదలైంది. కొత్త రోడ్డు వస్తుందని, పెద్ద పెద్ద బిల్డింగులు వస్తాయని చెప్పుకునేవాళ్లు. పేల్చే రోజు ఎర్రజెండా పట్టుకుని ఒకాయన ఈల వేస్తూ వాడంతా తిరిగేవాడు. రాళ్లకు మరీ దగ్గరగా ఉన్నవాళ్లు చెరువు కట్ట మీదికి పోవాలి. మాలాగా కొంచెం ఎడంగా ఉన్నవాళ్లు తలుపులు వేసుకుని లోపల కూర్చోవాలి. మళ్లీ ఈల వేసేదాకా దారిలోకి ఎవరినీ రానిచ్చేవాళ్లు కాదు. ఈల ఆగాక కుక్కలు కూడా మొరిగేవి కావు. ఆ నిశ్శబ్దం పేలుడు కంటే భయంగా ఉండేది. తర్వాత నేల అదిరేది, అరలో గిన్నెలు గలగలమనేవి, రేకుల మీద సన్నటి రాళ్లు రాలేవి. తీగ మీద ఆరేసిన బట్టల మీద పిండి చల్లినట్టు తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము చెల్లెకు పడదని అందరికీ తెలుసు. కానీ దుమ్ముకు ఎవరు తలుపు వేయగలరు?

ఒకరోజు మధ్యాహ్నం, మొదటి పేలుడు అయ్యాక, చెల్లె అన్నం పళ్లెం పక్కకు జరిపింది. పచ్చిపులుసు అన్నమంటే ప్రాణం ఆమెకు. జరిపిందంటేనే నాకు తెలిసిపోయింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగింది. భుజాలు లేస్తున్నాయి. బయట రెండో పేలుడుకు ఈల, లోపల చెల్లె ఛాతీలో పిల్లికూత. నానమ్మ తలుపు తీసి కేకేసింది. ఎర్రజెండా ఆయన దూరం నుంచే చెయ్యి ఊపి లోపలికి పొమ్మన్నాడు. ఆమె పిల్ల పిల్ల అని అరుస్తోంది, ఆయనకు వినపడటం లేదు.

నానమ్మ స్టూలు వేసుకుని గాలిమిషను దించింది. ముడులు ఊడిరాలేదు. చివరికి పళ్లతో కొరికింది. కవరు తెరవగానే కళ్లు మండేంత వాసన. కలరా ఉండలు నేల మీద దొర్లిపోయాయి. అమ్మ నేర్పినట్టే గిన్నెలో మందు పోశాను, మాస్కు తగిలించాను, స్విచ్చి వేశాను. గుర్రుమంది. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు నాకు తియ్యగా వినపడింది.

కానీ ఆవిరి రాలేదు.

"నడుస్తుంది గద! మరేమైంది?" అని నానమ్మ మిషనును రెండు చేతులతో ఊపింది. చెల్లె నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు నీలంగా మారుతున్నాయి. మాట్లాడటానికి ఊపిరి లేదు. నా వైపే చూస్తోంది, పెద్ద కళ్లతో. నేను ఆ చూపును ఈ రోజుకీ మర్చిపోలేదు.

నాకు ఏం చేయాలో తెలియలేదు. తెలిసిన పని ఒక్కటే, ఆదివారం ఉద్యోగం. గిన్నె దగ్గర ట్యూబు ఊడదీసి చెంపకు ఆనించుకున్నాను. గాలి లేదు. మిషను దగ్గర కూడా పీకి, అక్కడే చెంప పెట్టాను. చల్లగా కొట్టింది గాలి. మిషను బాగానే ఉంది, ట్యూబే మూసుకుంది. వేళ్లతో తడుముకుంటూ పోతే తెలిసింది. కలరా ఉండలు ఒరుసుకున్న చోటల్లా ప్లాస్టిక్ మెత్తబడి, పాకంలా జిగురై, లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మిషనుకు తగిలించే కొస దగ్గర జానెడు ముక్క మాత్రం బాగుంది.

కత్తిపీట తెచ్చి ఆ ముక్క కోశాను. నోటితో ఊదాను, నీళ్లతో కడిగి లంగా అంచుతో తుడిచాను. ట్యూబు జానెడే కాబట్టి మిషనును చెల్లె దగ్గరికి కాదు, చెల్లెనే మిషను దగ్గరికి తేవాలి. మిషనును పీట మీదికి ఎత్తాం. నానమ్మ కింద కూర్చుని ఆమెను ఒళ్లో పెట్టుకుని, ముఖం మిషనుకు ఆనేంత దగ్గరగా వంచింది. మళ్లీ స్విచ్చి వేశాను. మాస్కులో తెల్లగా ఆవిరి లేచింది.

అప్పుడే రెండో పేలుడు. నేల ఊగింది. బల్బు ఎర్రబడి, మిషను చప్పుడు నీరసించింది. కరెంటు పోతుందనుకున్నాను. నానమ్మ యేసయ్యా యేసయ్యా అంటూ చెల్లె వీపు రాస్తూనే ఉంది. బల్బు మళ్లీ తెల్లబడింది, చప్పుడు లేచింది. ఎంతసేపు పెట్టాలో నాకు ఒకటే కొలత తెలుసు. మనసులో ఆ కీర్తన అందుకున్నాను. మూడో చరణంలో దగ్గు వచ్చే చోటుకు చేరేసరికి ముందుకు పోవడానికి ధైర్యం చాలలేదు. కళ్లు మూసుకుని దాటేశాను. పాట అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి పాడుకున్నాను.

పిల్లికూత సన్నబడింది. గొంతు కింద గుంట తగ్గింది. బయట దారి వదిలిన ఈల వినపడేసరికి చెల్లె మాస్కు కొంచెం పక్కకు జరిపి నానమ్మను చూసింది.

"నానమ్మా, దీంట్ల నీ వాసన వస్తుంది," అంది.

నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

నాన్న రాత్రి వచ్చి తెగిన ట్యూబు ముక్కలు తిప్పి తిప్పి చూశాడు. మర్నాడు కొత్త ట్యూబు తెచ్చాడు. అమ్మ వరంగల్ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే నానమ్మ ఎదురుపోయి తనే చెప్పింది.

"నేనే మూట గట్టిన బిడ్డా. పిల్లకు మిగులుతదనుకున్న."

అమ్మ అత్తమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ ఆదివారం హాజరులో నా ఉద్యోగం పోయింది. ట్యూబు కొస నానమ్మ తన చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, పాట అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఆ తర్వాత ఆమె బతికినన్ని ఆదివారాలూ అంతే. ఇంట్లో కలరా ఉండలన్నీ ఏరి గోతిలో పాతేసింది. మరుసటి ఏడు పట్టుచీరకు పురుగులు చిల్లులు పెట్టాయి. ఆ చిల్లుల చీరే కట్టుకుని క్రిస్మస్‌కు చర్చికి వచ్చింది, స్టీలు గిన్నెలు కూడా అటక దిగాయి.

ఇప్పుడు మా ఇల్లు ఉన్న చోట ఆఫీసు బస్సులు ఆగుతాయి. నానమ్మ లేదు, అమ్మా నాన్నా లేరు. రాళ్లు చాలావరకు లేవు. భయం మాత్రం నాతో పాటు లిఫ్టు ఎక్కి వచ్చి ఈ ఫ్లాటులో కాపురం పెట్టింది. అందుకే ఈ మిషను కొన్నాను, అందుకే ఈ హాజరు.

పోయిన ఆదివారం కూర అడుగంటిన వాసన వచ్చాక గానీ నేను కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. బాలానగర్ పోదామని మా ఆయన బండి తాళాలు తీశాడు, నవ్వకుండా. అప్పుడు ఫోన్ మోగింది. చర్చిలో పాటల ప్రాక్టీసు ఉందట, ఫోన్ సంచిలో ఉండిపోయిందట. నోటికి వచ్చినట్టు తిట్టాను. చెల్లె అంతా విన్నది.

"మిషన్ ఇంక నడుస్తుందా?"

"నడుస్తుంది."

"ఒక మాట చెప్పాలె అక్కా. నాకు ఆయాసం వచ్చి ఎన్నేండ్లయిందో నాకే యాదికి లేదు. గా చప్పుడు నా కోసం ఇంటలేను. నువ్వు పరేషాన్ అయితవని ఇంటున్న."

నేను నోరు తెరిచేలోపే ఆమె పాట అందుకుంది. అదే కీర్తన. టేబుల్ ఫ్యాను లేదు, గొంతు వణకడం లేదు. మొదటి చరణం, రెండో చరణం. నేను ట్యూబు కొస చెంపకు ఆనించుకుని నిలబడ్డాను. మూడో చరణంలో సరిగ్గా ఆ చోట చటుక్కున ఆగి, దగ్గింది. అవతల నుంచి పకపకమని నవ్వు. ఆ నవ్వుతోనే మళ్లీ అందుకుని, ఆఖరి చరణం దాకా, ఎక్కడా ఆగకుండా పాడింది.

పాట అయిపోయింది.

"ఇనవడ్డదా?" అంది.

"ఇనవడింది చెల్లె," అన్నాను. మిషను ఆపేశాను.